సంతకం పెట్టే జీతం

డిగ్రీ అయిన ఏడు నేను బందరులో కనిపించినవాళ్ల జీతాలన్నీ అడిగి తెలుసుకున్నాను. మా ఇంట్లో ఒక్కరికి, ఒక్క చదువుకి మాత్రమే డబ్బుంది. ఆ డబ్బు కూడా అమ్మ చెవుల దుద్దుల రూపంలో ఉంది. నాన్న చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకు మెరుగు పెట్టేవాడు. మా ఇంట్లో అసలు బంగారమంటే ఆ దుద్దులే. అవి అమ్మి ఏం చదివితే త్వరగా తిరిగొస్తాయో తేల్చమని నాకు అప్పగించారు.

పాత క్యాలెండరు కాగితం వెనక గీతలు కొట్టి రాసుకున్నాను. కోర్టు టైపిస్టు, బ్యాంకు గుమాస్తా, బస్సు కండక్టరు, నర్సు, బడిపంతులు. మా వైపు జీతమెంతని అడగడం తప్పు కాదు. మగవాళ్లందరూ ఠక్కున చెప్పారు. నర్సమ్మ ఒక్కతే, సూదులు మరగబెట్టే గిన్నె దింపుతూ నన్నే ఎదురడిగింది.

"చేతికొచ్చేదా, కాగితం మీదదా?"

నాకు ఒళ్లు మండింది. చెప్పడం ఇష్టంలేక వేషాలు అనుకున్నాను. "ఏది పెద్దదైతే అది చెప్పండి" అన్నాను. ఆవిడ నవ్వి చెప్పింది. అంత తెలివి నాది!

మా వీధి చివరి మాస్టారు గుడివాడ దగ్గర ఓ ప్రైవేటు బళ్లో చేసేవారు. నాలుగు వందల పది అన్నారు. నేను అందుకోగలిగిన ఉద్యోగాల్లో అదే పెద్ద అంకె. దుద్దులు అమ్మాం. ట్రైనింగు పూర్తిచేసి, ఉప్పెన వచ్చిన ఏడే, బడి తెరవగానే ఆయన బళ్లోనే చేరాను.

మొదటి జీతం రోజు గుమాస్తా పుస్తకంలో స్టాంపు మీద సంతకం పెట్టించాడు. అక్కడ నాలుగు వందల పది అనే ఉంది. చేతిలో పెట్టింది నూట అరవై.

"మిగతాది బడి అభివృద్ధికండి. అందరూ ఇస్తున్నదే" అన్నాడు.

వరండాలో మాస్టారిని నిలేశాను. "ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"ఆ రోజు మా మావగారు పక్కనే ఉన్నారమ్మా" అన్నారు, ఎటో చూస్తూ.

ఇలాంటి మనుషులు కూడా ఉంటారా అనుకున్నాను. ఆ కోపంతోనే ఆదివారం బందరు వెళ్లాను. నాన్న అరుగు మీద పక్కింటివాళ్లతో కూర్చుని ఉన్నాడు. "జీతమెంతమ్మా?" అన్నాడు వీధంతా వినపడేలా.

"నాలుగు వందల పది" అన్నాను.

నగ చేత్తో పట్టుకుని అసలుదో నకిలీదో చెప్పే నాన్న నా మాట నమ్మేశాడు. గది అద్దె, భోజనం, చీటీ అని సాకులు చెప్పి ఇంటికి నెలకి అరవై పంపేదాన్ని.

ఆ రోజు నేను చెప్పిన అంకె గుమ్మంలో నిలబడి చెల్లి కూడా వింది. అప్పటికి అది టైపు హయ్యరు పాసై ఉంది. కొన్నాళ్లకు కోర్టు నుంచి పిలుపొస్తే, నా క్యాలెండరు కాగితం తీసి టైపిస్టు అంకె పక్కన నా అంకె పెట్టి చూసుకుంది. "అక్కకొచ్చే జీతం ముందు ఇదేపాటి నాన్నా!" అని ఉద్యోగం వద్దనుకుని ట్రైనింగులో చేరింది. దాని ఫీజుకి నేను పంపిన అరవైలే కూడబెట్టారు.

దాన్ని పక్కకి పిలిచి చెబితే సరిపోయేది. ఎన్ని సెలవులకు వచ్చానో, అన్నిసార్లూ చెప్పకుండానే తిరిగెళ్లాను. నాన్న వీధిలో తలెత్తుకు తిరుగుతున్నాడు, ఆయన తల దించడం ఎందుకని సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. సిగ్గు నాది. ఆ సిగ్గు దాచుకోవడానికి చెల్లి కోర్టు ఉద్యోగాన్ని మింగేశాను.

చెల్లికి అవనిగడ్డ వైపు ఓ బళ్లో ఉద్యోగమొచ్చింది. మొదటి జీతం అందుకుని ఇంటికొచ్చిన రోజు నేనూ ఉన్నాను. నాన్న అదే అరుగు మీద, అదే గొంతుతో అడిగాడు. "ఎంతమ్మా?"

చెల్లి నాన్న వైపు చూడలేదు. నా మీద నుంచి చూపు తిప్పకుండా, "అక్కకి వచ్చినంతే నాన్నా" అంది.