ఈరన్న పడవ, అమావాస్య మగ్గం

పెద్దవాళ్లు సరదా కోసం చేసుకునే పనిని చూస్తే జనానికి ఎందుకు నవ్వొస్తుంది? ఈ ప్రశ్న ఎన్నో ఏళ్లుగా నాలో ఉంది.

ఈ రోజు ఎమ్మిగనూరులో మా పక్కింటి నేతగాడు ఈరన్న దగ్గరికి మద్రాసు నుంచి మనుషులు వచ్చారు. సినిమాకు ముందు వేసే వార్తాచిత్రం తీసేవాళ్లట. ఈరన్న పాత రేడియో సామానుతో చిన్న పడవ చేశాడు. చేతిలోని పెట్టె మీట నొక్కితే చాలు, తీగ ఏదీ లేకుండానే నూలుకు రంగు అద్దే తొట్టి నీళ్లలో అది మలుపు తిరుగుతుంది.

పడవను చూసి వాళ్లు ముచ్చటపడ్డారు. ఆ తరువాత ఈరన్నను మగ్గంలో కూర్చోమన్నారు.

"ఈ పొద్దు అమాస సామీ. పెద్దోళ్ల కాలం నుంచీ అమాసకు మేం మగ్గం ముట్టం," అన్నాడు ఈరన్న.

"పడవ ఒక్కటే చూపిస్తే పిల్లలాట అని నవ్వుతారయ్యా. మగ్గం కూడా ఉంటేనే నీకు గౌరవం," అన్నాడు కెమెరా అతను.

ఈరన్న పక్కనే నిలబడి చూస్తున్న నావైపు తిరిగాడు. "అక్కా, బి.ఏ. సదివినదానివి, నువ్వే సెప్పు. ఏం సేయల్ల?"

"ఒక్క నిమిషమే కదప్పా, కూర్చో," అన్నాను.

కూర్చున్నాడు. పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెను రెండుసార్లు ఆడించాడు. గడప దగ్గరున్న వాళ్లమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. తరువాత పడవనూ కెమెరాలో తీశారు గానీ, అప్పటికి ఈరన్న ముఖంలో సంతోషం లేదు.

వాళ్లు వెళ్లాక, "సినిమాలో జనం నా పడవను సూస్తారా అక్కా, మగ్గాన్నా?" అని అడిగాడు.

నేను అతన్ని కూర్చోమన్నది అతని పడవ కోసమా, మా ఊరు తెర మీద కనిపించాలన్న ఆశతోనా? మీరైతే ఏం చెప్పేవారో రాయండి. నాకు మాత్రం ఇంకా తేలలేదు.