లాభం సీసా

ఏలూరులో మా ల్యాబు పని చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేయడం. రైతులు సీసాల్లో నీళ్ళు తెస్తారు, వచ్చిన వరసలో నంబర్లు రాస్తాం. సాయంత్రం నేను ఫలితాలు ఎక్సెల్‌లో కొట్టి బటన్ నొక్కితే మాక్రో అనే చిన్న ప్రోగ్రాం వాటిని డేటాబేసులోకి పంపుతుంది. నీళ్ళు పాడైతే అక్కణ్ణించే రైతు ఫోనుకు మెసేజ్ వెళ్తుంది. బాగుంటే ఏమీ వెళ్ళదు, దండగ ఖర్చెందుకని ఓనరుగారి ఆలోచన. మండవల్లి నుంచి ఒక పెద్దాయన వారం వారం మొదటి బస్సుకే దిగేవాడు, అందరికంటే ముందు ఆయన సీసాయే. ఎండెక్కితే నీళ్ళు మారిపోతాయని ఆయన భయం. ఉన్నది ఒక్కటే కౌలు చెరువు, అందులో శీలావతి చేపలు.

ఓనరుగారిది తాడేపల్లిగూడెంలో ధాన్యం వ్యాపారం చేసిన కుటుంబం. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ మర్యాద చెరువు నీళ్ళకు కూడా దక్కాలని ఆయన పట్టుదల. అందుకని రోజూ మొదటి సీసా మీద నంబరుకు బదులు "లాభం" అని రాయాలి. లోపల అమ్మోనియా కంపు కొడుతున్నా సరే, లాభమే. పాత మాక్రోకు ఏ పట్టింపూ ఉండేది కాదు, ఏం కొడితే అది మింగేది.

అంతలో ఇంజనీరింగ్ చదివిన అల్లుడుగారు రంగంలోకి దిగారు. పాత మాక్రో చూసి ముక్కున వేలేసుకున్నారు.

"ఇదేంటండీ, విలువలన్నీ కమాండులోనే అతికించేశారు! ఎవరి పేరులోనన్నా ఒక్క కొటేషన్ గుర్తు పడితే మొత్తం కూలిపోద్దండీ!"

నిజమే, అప్పుడప్పుడు కూలేది. ఆయన కొత్తది రాశారు. డేటాబేసులో కొత్త వరస చేర్చే ఇన్సర్ట్ కమాండులో విలువలుండాల్సిన చోట ప్రశ్నార్థకాలు. ఏ ఖాళీలోకి ఏ రకం విలువ రావాలో విడిగా చెప్పారు: పేరైతే అక్షరాలు, సీసా నంబరైతే అంకె. వీటిని పారామీటర్లంటారట. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత ఆరా తీయరు. అయితే సీసా మీద ఏం రాస్తారని మాత్రం మమ్మల్ని అడగలేదు. మాలాంటి వాళ్ళను అడిగితే చదువుకు విలువేముంటుంది?

పైగా మామగారి ముందు ఎర్రర్ కనిపిస్తే పరువు తక్కువని, తప్పొస్తే వదిలేసి ముందుకు సాగమని మాక్రో మొదట్లోనే ఒక లైను పెట్టారు. "లాభం" అంకెల ఖాళీలో పట్టలేదు, ఆ వరస డేటాబేసుకు చేరనే లేదు. వెనకాలే ఫలితం వేయడానికి వచ్చిన అప్‌డేట్ కమాండుకు మార్చడానికి వరసే దొరకలేదు, అదీ నోరు మూసుకుంది. చివర్లో "అంతా విజయవంతం" అని పచ్చ రంగులో పెద్ద అక్షరాలు వచ్చేవి. అవి చూసి ఓనరుగారు మురిసిపోయేవారు.

ఒకరోజు పెద్దాయన సీసా లేకుండా వచ్చాడు. "చేపలన్నీ తేలిపోయాయండీ" అన్నాడు.

ఆయన పేరు వెతికాను. కొత్త మాక్రో వచ్చాక డేటాబేసులో ఒక్క వరసా లేదు. నా ఎక్సెల్ షీటులో మాత్రం అమ్మోనియా వారం వారం పెరుగుతూనే ఉంది. అల్లుడుగారిని పిలిచి చూపించాను.

"కోడులో తప్పేం లేదండీ, డేటాదే తప్పు" అన్నారాయన. ఓనరుగారు ఏసీ తగ్గించమన్నారు.

ఒళ్ళు మండిపోయింది. జరిగింది జరిగినట్టు పెద్దాయనకు చెప్పేశాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననీ అనిపించింది.

"మెసేజ్ రాని వారమల్లా మా ఆవిడతో చెప్పేవాణ్ణండీ, మన నీళ్ళు బాగున్నాయంట అని" అన్నాడు.