అమ్మవారికి చేరిన నా పట్టుకొంగు

మా మామ్మ తొంభై మూడేళ్లు బతికింది. అందులో డెబ్బై ఏళ్లకు పైగా అమ్మవారికి బట్టలు కుట్టింది. గణపవరం దగ్గర పల్లెలో పుట్టి, పదహారో ఏట తాడేపల్లిగూడెం కాపురానికి వచ్చింది. మేష్టారుగా పనిచేసే మా తాతయ్య ముచ్చటపడి కుట్టుమిషన్ కొనిస్తే, దాని మీద మొదట కుట్టింది మా వీధి చివర గుళ్లో అమ్మవారికి పావడా.

ఒక ఏడాది చీర అంచు పొడవునా కొల్లేటి గూడబాతులను కుట్టింది. పూజారిగారు తెల్లబోయారు.

"హంసలుండాలి గానీ ఇవేంటండీ?"

"హంసను నేనెప్పుడూ చూళ్లేదండి. చూసినవి కుట్టాను."

ఊళ్లో అందరూ మెచ్చుకునేవారు. మెచ్చుకోవడానికేం, వాళ్లు ఆవిడతో ఒకే ఇంట్లో ఉండాలా? చాప మీద కూర్చుంటే సూది గుచ్చుకునేది. అన్నంలో చమ్కీలు వచ్చేవి. కిటికీ తెరలు, తాతయ్య జరీ కండువా, అమ్మ పెళ్లి జాకెట్టు, ఒక్కటొక్కటిగా గుడికి వెళ్లిపోయాయి.

నాకు పెళ్లి కుదిరిన ఏడాది, నిశ్చితార్థానికి ద్రాక్షపండు రంగు పట్టుచీర కొనుక్కున్నాను. ఫాల్ కుట్టమని మామ్మకిచ్చి ఏలూరులో ఉద్యోగానికి వెళ్లాను. అంతకంటే బుద్ధి తక్కువ పని ఇంకోటి లేదు. దసరాకి ఇంటికొచ్చి మడత విప్పితే చీరకి కొంగు లేదు.

"కొంగేది మామ్మా?"

"అమ్మవారి దగ్గరుంది."

"నాకు ఒక్క మాట చెప్పొద్దా?"

"చెబితే ఇస్తావేంటి?"

"వచ్చే నెల్లో నిశ్చితార్థం. ఇప్పుడు నేనేం కట్టుకోను?"

"అదే కట్టుకో. కొంగు వెనకాలే కదే ఉండేది. ఫొటోలు ముందునుంచి తీస్తారు."

ఇక మాట్లాడితే ఏం అనేస్తానో అని గుడికి వెళ్లాను. నా కొంగు అమ్మవారి ఒంటి మీద కుచ్చిళ్లుగా జారుతోంది. జరీ పువ్వుల మధ్య మామ్మ ముత్యాలు కుట్టింది. సంగతి విని పూజారిగారు నొచ్చుకున్నారు.

"నాకు తెలీదండమ్మా. అలంకారం తీసి ఇచ్చేయమంటారా?"

నా వెనక ఒక ముసలావిడ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది. ఇమ్మని ఎలా అనను?

"ఉంచండి," అన్నాను.

మోకాళ్ల నొప్పులతో మామ్మ అప్పటికే గుడికి నడవలేకపోతోంది. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే, "ఎలా ఉందే?" అంది.

"బాగుంది." అది నిజం కావడంతో నాకు మరింత మండింది.

"ఎడం భుజం దగ్గర ముడత పడిందా?"

తప్పయిందన్న మాట మాత్రం ఆవిడ నోట రాలేదు. నిశ్చితార్థానికి వదిన చీర కట్టుకున్నాను.

ఆ తరవాత రెండేళ్లకు మామ్మ పోయింది. మళ్లీ దసరా ముందు పూజారిగారు ఫోన్ చేశారు. "అమ్మవారి బట్టలు మీ ఇంటినుంచే రావాలండి, మీరే కుట్టండి," అన్నారు. పుట్టింటికి వచ్చి, మామ్మ కొలతల కోసం ఇల్లంతా వెతికాను. ఆవిడ దేన్నయినా జానతో కొలిచేది. ఆ జాన ఆవిడతోనే పోయింది. టేపు పట్టుకుని గుడికి వెళ్లి, కొలిచి, మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పాను. చివరికి పావడా నాలుగు వేళ్లు పొట్టి అయింది. పూజారిగారు ఆ వెలితి కనపడకుండా కింద చామంతి దండలు చుట్టారు.

ఇన్నేళ్లలో ఒక్క చిత్తుకాగితం మీద కొలతలు రాసి పెట్టలేకపోయావా అని, ఇంటికొచ్చేదాకా మామ్మను తిట్టుకుంటూనే ఉన్నాను.