గోడౌన్ తలుపు మీద నా బొమ్మ

మా గోడౌన్ తలుపు మీద నా బొమ్మ ఉంది, తెలుసా? బెస్ట్ ఎంప్లాయీ అని ఫోటో పెట్టారనుకుంటున్నారేమో. ముందు టీ తాగుతూ వినండి, తర్వాత మీరే చెబుదురు గానీ.

మా ఊరి మేట్టుపాళయం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ప్లాస్టిక్ పైపుల ఫిట్టింగులు చేసే కంపెనీలో నేను ట్రైనీగా చేరాను కదా. ఆరు నెలల ప్రొబేషన్. ఇంటర్వ్యూలో నేను చెప్పుకున్న గొప్పంతా ఎన్.ఎస్.ఎస్. గురించే. లీడర్‌షిప్, టీమ్‌వర్క్, టైమ్ మేనేజ్‌మెంట్, అన్నీ కాలేజీలో సేవ చేసే నేర్చుకున్నానని గుక్క తిప్పుకోకుండా వల్లించాను. మేనేజర్ సార్ నవ్వి, అవన్నీ ఇక్కడ చూపించమన్నారు. ఆ మాటే నా కొంప ముంచింది. ఆరో నెల వచ్చేసింది, నేనేమో కంప్యూటర్ ముందు కూర్చుని టైపు చేయడం తప్ప ఏమీ చూపించలేదు. ఇంకో వారంలో నన్ను ఉంచుకుంటారో, పంపించేస్తారో తేలిపోతుంది.

అప్పుడు నా కన్ను గోడౌన్ మీద పడింది. ఏ స్తంభం చూసినా సుద్దముక్క గీతలే. చేప, దువ్వెన, గొడుగు, సగం గీసిన నామం. ఎవరో పనిలేక గీశారనుకున్నాను. మా క్యాంపుల్లో మొదటి రోజు పని ఎప్పుడూ ఒకటే, ఊళ్ళో బడి గోడలు కడిగి సున్నం వేయడం. ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరు. సార్‌ని అడిగితే శనివారం చేసుకోమన్నారు. గోడౌన్ చూసుకునే కోదండం మామ ఆ రోజు సెలవు, విల్లియనూరులో చెల్లెలి కూతురి సీమంతం.

ప్యాకింగ్ సెక్షన్‌లో సెల్వి అక్కనూ ఇంకో ముగ్గురినీ కూడగట్టి, మెడలో విజిల్ వేసుకుని, రెండు టీములు చేసి పోటీ పెట్టాను. సాయంత్రానికి స్తంభాలన్నీ తెల్లగా మెరిసిపోయాయి. ఫోటోలు ఆఫీసు గ్రూపులో పెడితే సార్ బొటనవేలు పంపారు. ఆదివారమంతా ఆ బొటనవేలు చూసుకుంటూ గడిపాను.

సోమవారం పొద్దున మామ తలుపు తీసి గడపలోనే ఆగిపోయాడు. మామవాళ్ళూ మాలాగే తరాలుగా ఈ తమిళ ఊళ్ళోనే ఉన్న తెలుగువాళ్ళు, అందుకని నాతో తెలుగే మాట్లాడతాడు.

"ఏంది పాపా ఇది? నా గురుతులు యాడ?"

అప్పుడు తెలిసింది సంగతి. సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరి ఉప్పుగాలికి అట్టపెట్టెల మీద స్టిక్కర్లు నిలవవు. పెట్టెలన్నీ ఒకే రంగు, ఒకే సైజు, చుట్టూ టేపు. ఎన్ని ఉన్నాయో కంప్యూటర్ చెబుతుంది గానీ ఎక్కడున్నాయో చెప్పదు. అది చెప్పేది మామ బొమ్మలే. ఎల్బోలకి చేప, వాల్వులకి దువ్వెన. చేపే ఎందుకో, దువ్వెనే ఎందుకో మామకే తెలియాలి.

సేలం వెళ్ళాల్సిన లారీ గేటు దగ్గర హారన్ కొడుతోంది. మూడింటికి కదలాలి. పెట్టెలన్నీ విప్పి చూద్దామంటే మళ్ళీ ప్యాక్ చేసేసరికి మర్నాడవుతుంది. సార్ వచ్చి స్తంభాలని చూశారు, నన్ను చూశారు. సరుకు టైముకి ఎక్కకపోతే కన్ఫర్మేషన్ సంగతి మరిచిపొమ్మని చెప్పి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మామ వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. ఎల్బోలు ఎక్కడ మామా అంటే మొహం తిప్పుకున్నాడు. వాల్వులు ఎక్కడంటే పైకప్పు చూశాడు.

అప్పుడు సర్వే రోజులు గుర్తొచ్చాయి. క్యాంపులో ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపేవాళ్ళం. ఫారంలో ఉన్న ప్రశ్నతో మొదలుపెడితే ఒక్క ముసలమ్మ కూడా నోరు విప్పేది కాదు. ముందు మంచినీళ్ళు అడిగి తాగండి, ఫారం సంగతి తర్వాత అనేవారు మా మేడం. నేను వెళ్ళి మామ పక్కన నేలమీద కూర్చుని, మజ్జిగ ఉందా అని అడిగాను. ఎంత కోపంలోనైనా అడిగినవాళ్ళకి లేదనే రకం కాదు మామ. బాటిల్ మూతలో పోసిచ్చాడు. సీమంతం ఎలా జరిగిందని అడిగాను.

గాజుల గురించి చెప్పాడు, పులిహోర గురించి చెప్పాడు, ఇక నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. తిడుతూ తిడుతూ లేచి నడిచాడు.

"ఈడ చేప ఉండె. వాన పడిన దినం వచ్చిన సరుకు, నేనే తడిసి దించినా. ఆ పక్క దువ్వెన. ఆ పొద్దు సెల్వికి జ్వరం, నేనొకణ్ణే పేర్చినా. అన్నీ తుడిచేస్తివి గదా పాపా."

నేను నోట్‌బుక్ పట్టుకుని వెనకాలే నడిచాను. తిట్టుకొక వరస దొరికింది. ఒక్కో వరసకీ ఇంటి నంబరులాగా ఓ నంబరు, పక్కనే సరుకు పేరు రాసుకున్నాను. అనుమానంతో అక్కడక్కడా ఒక పెట్టె విప్పి చూశాం, మామ ఒక్కచోట కూడా తప్పలేదు. సెల్వి అక్కవాళ్ళు లోడింగ్‌కి సాయం పట్టారు. విజిల్ మాత్రం ఊదలేదు, ఆ మాత్రం బుద్ధి వచ్చింది. లారీ పావుగంట మాత్రమే ఆలస్యంగా, మూడుంపావుకి కదిలింది.

శుక్రవారం లెటర్ చేతికిచ్చారు. పర్మనెంట్! ఇన్నేళ్ళూ గోడౌన్ మొత్తం ఒక్క మనిషి బుర్రలోనే ఉందని ఇప్పుడే తెలిసిందన్నారు సార్. నా నోట్‌బుక్ జెరాక్స్ తీయించి ఆఫీసులో పెట్టారు. ఇంటర్వ్యూలో అన్నన్ని చెప్పావు గానీ, చెప్పేది వినడం కూడా వచ్చని చెప్పలేదేమని అడిగారు. నిజమే, అదొక్కటే చెప్పలేదు. అది కూడా ఒక విద్యేనని నాకు తెలిస్తే కదా.

మొదటి స్వీటు మామకే ఇచ్చాను. మామ తిని, నెత్తిన చెయ్యి పెట్టి దీవించి, వెళ్ళి తలుపు చూడమన్నాడు.

తలుపు మీద సుద్దముక్కతో కొత్త గురుతు. గుండ్రటి కళ్ళజోడు, పొట్టి జడ, మెడలో విజిల్, చేతిలో సున్నం బకెట్టు. దాని మీద అడ్డంగా పెద్ద ఇంటూ మార్కు.

తుడిచేద్దామని చెయ్యెత్తాను. మామ చూస్తున్నాడు. చెయ్యి దించి, దాని పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాను.