గేదె పలుపు, వెలిగే నీళ్ళు

నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే మా ఊళ్ళో కాలువ కట్టేసే రోజులు. ఏడాదంతా ఇంటి ముందు నిండుగా పారిన నీళ్ళని దాళ్వా, అంటే రెండో పంట, కోతలు అవ్వగానే లాకుల దగ్గర ఆపేసేవారు. కొద్ది రోజుల్లోనే కాలువ అడుగు బయటపడేది. బురదా, ఆ బురదలో కూరుకుపోయిన పాత చెప్పులూ, సీసాలూ తప్ప ఏమీ ఉండేవి కావు. కాలువ గట్టున పుట్టిన పిల్లలకి ఈత లేకపోవడమంటే కాళ్ళు కట్టేసినట్టే. నాకు మరీను. మా జట్టులో ఈతకి నేనే మొనగాణ్ణని నా నమ్మకం. వంతెన మీంచి దూకి, నీటి వాలున కొట్టుకుపోయి, కింది రేవులో మెట్టు పట్టుకుని లేచేవాణ్ణి. సగం ఈత ఆ వాలే కొట్టేదని అప్పట్లో నాకు తోచలేదు.

తోచినా ఒప్పుకునేవాణ్ణి కాదు. తెలియనిదాన్ని తెలియదనడం, చేతకానిదాన్ని చేతకాదనడం నాకు పుట్టుకతోనే రాలేదు. ఈ వయసులో కూడా అది పూర్తిగా వచ్చిందని చెప్పలేను.

ఆ వేసవిలో నన్ను మా మేనత్త ఇంటికి పంపించారు. మా నాన్నకి ఒక్కతే చెల్లెలు. సముద్రానికి దగ్గరగా ఉండే ఊరికి ఇచ్చారు. మావయ్య అప్పుడే వరి చేను తవ్వించి రొయ్యల చెరువు వేశాడు. ఆ రోజుల్లో అక్కడ ఏ అరుగు మీద కూర్చున్నా రొయ్యల మాటే. చెరువు గట్టు దిగితే సముద్రంలో కలిసే ఉప్పుటేరు, దానికి రెండు పక్కలా మడ చెట్లు. అత్తయ్య కొడుకు, అంటే మా బావ, నాకన్నా ఏడాది పెద్ద. పెద్దగా మాట్లాడేవాడు కాదు. అలాంటివాడు నేను వెళ్ళిన రోజే నా చెవిలో ఒక మాట వేశాడు. ఈ చీకటి రోజుల్లో ఏట్లో నీళ్ళు వెలుగుతాయట. చెయ్యి పెడితే చెయ్యి వెలుగుతుందట.

"కోతలు కొయ్యకు బావా" అన్నాను.

వాడు నేరుగా వెళ్ళి వాళ్ళ నాన్న వెంటపడ్డాడు. రెండు మూడు రోజులు అన్నం దగ్గరా, చెరువు గట్టు మీదా అదే పాట. చివరికి మావయ్య సరేనన్నాడు. అంతవరకూ గిన్నెలు సర్దుకుంటున్న అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుని, తనూ వస్తానంది.

"నీకెందుకే, రాత్రిపూట ఆ దోమల్లోకి" అన్నాడు మావయ్య.

"మీ కొడుకు సంగతి మీరు చూసుకోండి. వీడు మా అన్నయ్య కొడుకు. వీడి సంగతి నేను చూసుకోవాలి."

భోజనాలయ్యాక బయల్దేరాం. అమావాస్య దగ్గర పడింది. చేతిలో ఉన్న టార్చి చెరువు కాపలా మనిషికి ఇచ్చేసి, మావయ్య ఒక్క లాంతరు మాత్రం పడవలో పెట్టాడు. ఆయన పొడవాటి గెడతో పడవ తోస్తున్నాడు, మేం ముగ్గురం మధ్యలో కూర్చున్నాం. ఊరి దీపాలు మడ చెట్ల వెనక్కి వెళ్ళిపోయాక మొదటిసారి చూశాను. గెడ నీళ్ళలో దిగిన చోట నీలంగా, కాస్త పాలు కలిపినట్టుగా ఒక వెలుగు లేచి, చుట్టూ వ్యాపించి, ఆరిపోయింది. మళ్ళీ గెడ దిగింది, మళ్ళీ లేచింది. చెయ్యి ముంచాను. వేళ్ళ సందుల్లోంచి వెలుగు కారింది. పడవకి బెదిరిన చేప ఒకటి అగ్గిపుల్ల గీసినట్టు అడుగున గీత గీసుకుంటూ పోయింది.

బావ నా మొహంలోకి వంగి చూశాడు. "కోతలా?" అన్నాడు. అంతే.

కంటికి ఆనని ప్రాణులేవో నీటిలో ఉంటాయనీ, నీరు కదిలితే అవి వెలుగుతాయనీ చాలా ఏళ్ళ తర్వాత చదివాను. కదిలిస్తేనే వెలుగు. కదపకపోతే మామూలు చీకటి నీళ్ళే. ఆ రాత్రి మాత్రం నాకు ఇదంతా తెలియదు. దిగాలి, ఈదాలి, అదొక్కటే తెలుసు.

ఏరు కాస్త వెడల్పైన చోట మావయ్య లంగరు వేశాడు. నేను చొక్కా విప్పేసరికి అత్తయ్య సంచిలోంచి పలుపులు తీసింది. గేదెల్ని కట్టే తాళ్ళు. రెండేసి కలిపి ముడేసి పొడవు చేసుకుని తెచ్చింది.

"ఇదేంటత్తా?"

"గేదె పలుపు. కొత్తదేలే, ఇంకా గేదె మొహం చూడలేదు. నడుం ఇటు పెట్టు."

"నాకు ఈత వచ్చత్తా. మా వంతెన మీంచి దూకుతాను నేను."

"ఆ వంతెన మీంచి మీ నాన్నని తోసింది నేనే. అది కాలువరా అల్లుడూ, ఇది ఏరు. కాసేపట్లో నీరు మళ్ళుతుంది. నడుం పెట్టు ముందు."

బావ కట్టించుకున్నాడు. నాకు మాత్రం కోపం ముంచుకొచ్చింది. ఈత రాని పిల్లాడిలా, ఇంకా చెప్పాలంటే రాటకి కట్టిన దూడలా, ఆ తాడుతో నీళ్ళలోకి దిగాను. రెండో కొస పడవ అడ్డకర్రకి ఉంది. దిగాక కోపం కాసేపు మర్చిపోయాను. చెయ్యి చాపితే చెయ్యంతా వెలుగు, కాలు కొడితే వెనక తోకలా వెలుగు. పక్కన బావ మనిషిలా లేడు. మనిషి ఆకారంలో గీసిన వెలుగు గీతలా ఉన్నాడు. నేను మునిగి కళ్ళు తెరిచాను. ఉప్పుకి మండాయి, అయినా మూయలేదు.

కానీ కాస్త దూరం ఈదగానే తాడు బిగిసి నడుం పట్టుకు లాగింది. పడవలోంచి అత్తయ్య నవ్వు వినిపించింది. ఆ నవ్వులో ఎగతాళి ఏమీ లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం పడవ నీడలోకి వచ్చి, ముడి విప్పి, తాడుని నీళ్ళలో వదిలేశాను.

నా లెక్క నాకుంది. మేం వచ్చేటప్పుడు నీరు మెల్లగా సముద్రం వైపు దిగుతోంది. కాబట్టి పడవకి ఎగువకి ఈదితే, అలిసిపోయినా నీరే నన్ను తిరిగి పడవ దగ్గరికి దింపుతుంది. కాలువలో పెరిగినవాడికి ఇంతకన్నా తెలివైన ఆలోచన రాదు. నీరంటే ఒకే వైపు పోయేదని మేం నమ్ముతాం. అత్తయ్య చెప్పిన "మళ్ళుతుంది" అనే మాట నా చెవిన పడిందిగాని బుర్రలోకి పోలేదు.

ఎగువకి ఈదాను. హాయిగా ఉంది, శ్రమే లేదు. నా అంత ఈతగాడు లేడనుకున్నాను. వెల్లకిలా తేలి చుక్కలు చూస్తూ కాసేపు ఉన్నాను. నీరు నన్ను దింపుతుందని ధీమా. తల తిప్పి చూస్తే లాంతరు చిన్నదైపోయింది. ఇంకాసేపటికి ఇంకా చిన్నదైంది. పాటు అయిపోయి పోటు మొదలైంది, నీరు వెనక్కి మళ్ళి సముద్రం నన్ను పైకి మోసుకుపోతోంది.

ఎదురు ఈదాను. వాలున పోవడమేగాని ఎదురు ఈదడం నేను ఏనాడూ చెయ్యలేదు. చేతులు బరువెక్కాయి. ఒడ్డు వైపు పోదామంటే ఒడ్డెక్కడుందో తెలియలేదు. మెట్లున్న రేవు లేదు, పట్టుకోవడానికి కొమ్మ కూడా చేతికందలేదు. అప్పుడే పడవలోంచి మావయ్య నా పేరు పెట్టి పిలవడం వినిపించింది. ఖాళీ తాడు వాళ్ళ చేతికి వచ్చిందని అర్థమైంది.

ఇక్కడ నేను చేసిన పని ఎవరికి చెప్పినా నమ్మరు. నేను పలకలేదు. పలికితే తాడు విప్పానని ఒప్పుకోవాలి. ఈదలేకపోతున్నానని ఒప్పుకోవాలి. కాస్త ఊపిరి తీసుకుంటే నా అంతట నేనే చేరతాననీ, ఏమీ జరగనట్టు పడవ అంచు పట్టుకుని నవ్వొచ్చనీ అనుకున్నాను. కాళ్ళూ చేతులూ ఆడించడం ఆపి, చడీచప్పుడూ లేకుండా తేలుతూ ఉన్నాను. లాంతరు గాలిలోకి లేచి అటూ ఇటూ ఊగుతోంది. పిలుపు మీద పిలుపు. బావ గొంతు కూడా వినబడింది, ఏడుస్తున్నాడు. నేను ఆ లాంతరునే చూస్తూ మాట్లాడకుండా దూరంగా పోతున్నాను.

ఉన్నట్టుండి లాంతరు ఆరిపోయింది. పిలుపులూ ఆగిపోయాయి.

వెళ్ళిపోయారనుకున్నాను. మునిగిపోయాననుకుని నన్ను వదిలేసి వెళ్ళిపోయారనుకున్నాను. అంత చీకటి మళ్ళీ నా జీవితంలో చూడలేదు. ఏమైందో నాకే తెలియదు, గొంతు చించుకుని "అత్తా" అని అరిచాను. కాళ్ళూ చేతులూ ఇష్టమొచ్చినట్టు కొట్టాను. నీళ్ళు నోట్లోకి పోతుంటే ఉమ్ముకుంటూ మళ్ళీ అరిచాను. నా చుట్టూ నీళ్ళన్నీ భగ్గున వెలిగాయి.

అటునుంచి అత్తయ్య గొంతు వచ్చింది. "కనపడ్డావురా. అలాగే కొట్టు. ఆపకు."

చీకట్లో పడవ కనపడలేదు. నీళ్ళలో గెడ దిగిన చోటల్లా ఒక వెలుగు ముద్ద పుట్టి ఆరిపోతోంది. ఒక్కొక్కటీ నాకు దగ్గరవుతోంది. ఆ వెలుగులు నా వైపుకి రావడం చూస్తుంటే నా ఒంట్లోకి ప్రాణం ఎలా తిరిగొచ్చిందో ఇప్పటికీ మాటల్లో పెట్టలేను. చివరికి ఒక చెయ్యి నా జుట్టు పట్టుకుంది.

తర్వాత బావ చెప్పాడు. మావయ్య లాంతరు ఎంత పైకెత్తితే అంత చీకటైందట. మన కళ్ళకి అదే అడ్డమని, ఆర్పేసి నోరు మూసుకుని నీళ్ళు చూడమని అత్తయ్య అందట. ఆర్పితే పిల్లాడు జడుసుకుంటాడని ఆయన అంటే, "జడుసుకోనివ్వండి, కదులుతాడు" అని తనే లాక్కుని ఊదేసిందట.

పడవలో అత్తయ్య నన్ను ఒళ్ళోకి లాక్కుని కొంగుతో తల తుడిచింది. అప్పుడు అడిగింది.

"అంతసేపు పిలుస్తుంటే పలకలేదేంట్రా?"

నేను తల దించుకున్నాను. గడ్డం పట్టుకుని మొహం ఎత్తింది. చీకట్లో ఏం చూసిందోగాని, చెప్పేదాకా వదలదని తెలిసింది.

"తిడతావని" అన్నాను.

"తిడతాను. ఎందుకు తిట్టను? కానీ తిట్టించుకోడానికైనా మనిషి ఉండాలి కదరా నాయనా."

ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు. ముడి ఊడిపోయిందని చెబుదామని అంతవరకూ మనసులో అల్లుకున్న అబద్ధం ఎటు పోయిందో పోయింది. నేనే విప్పానని చెప్పేశాను. అప్పుడు తిట్టింది. లంగరు వేసిన చోటికి పడవ తిరిగి చేరేదాకా తిట్టింది. నన్ను తిట్టింది, నన్ను కన్న మా నాన్నని తిట్టింది, నీళ్ళు వెలుగుతాయని చెప్పిన బావని తిట్టింది, ఊ కొడుతున్నందుకు మావయ్యని తిట్టింది. ఆ తిట్ల మధ్య దుప్పటి కప్పుకుని కూర్చుంటే నాకు ఎంత వెచ్చగా ఉందో చెప్పలేను.

మావయ్య ఇంటికి పోదామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఇలాగే తీసుకెళ్తే వీడు ఈ జన్మలో నీళ్ళలో దిగడు అంది. నా నడుముకి పలుపు మళ్ళీ కట్టి, రెండో కొస తన నడుముకే కట్టుకుంది. చీర బిగించి దోపుకుని, పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి దిగింది.

"అమ్మా, నీకు ఈతొచ్చా?" అన్నాడు బావ, నోరు తెరుచుకుని.

"మీ మావయ్యకి, అదే వీళ్ళ నాన్నకి, ఎవరు నేర్పారనుకున్నావు?"

పెళ్ళై వచ్చాక ఆమె ఈదడం ఎవరూ చూడలేదట. మావయ్య కూడా చూడలేదట. పడవ అంచు వదలకుండానే కాళ్ళు ఆడించింది. చీర కుచ్చిళ్ళ చుట్టూ వెలుగు విచ్చుకుంది. నా చెయ్యి పట్టుకుని లాగింది. భయంతోనే దిగాను. కాసేపటికి భయం తగ్గింది. ఆమె చిన్నపిల్లలా నవ్వింది.

సెలవులు అయ్యేదాకా బావ నన్ను దూడా అనే పిలిచాడు. నేను ఊరుకున్నాను.

ఆ రాత్రితో నేను మారిపోయానని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. ఇంటర్ తప్పినప్పుడు దాచాను. పెళ్ళయ్యాక, రాజమండ్రిలో నేను పనిచేసే చోట నన్ను తీసేసినప్పుడూ దాచాను. రోజూ క్యారేజీ పట్టుకుని బయల్దేరి, గోదావరి గట్టున కూర్చుని ఆ అన్నం తిని, సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ణి. నా మొహం అదోలా ఎందుకుందని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. ఏం లేదన్నాను. మళ్ళీ అడగలేదు. ఆమె అడగడం మానేసిన రోజున నాకు భయం వేసింది. ఏట్లో పిలుపులు ఆగిపోయినప్పటి భయం అది. ఆ రాత్రే చెప్పేశాను. నాకు చెప్పకుండా ఎలా ఉండగలిగావని ఆమె ఏడ్చింది, తిట్టింది. మధ్యలో లేచి కంచం పెట్టి, వడ్డిస్తూ కూడా తిట్టింది. అన్ని రోజుల తర్వాత అన్నం రుచి తెలిసింది. తృప్తిగా తిని, పడుకుని, తెల్లవారేదాకా ఒళ్ళెరగకుండా నిద్రపోయాను.

అత్తయ్య ఇప్పుడు లేదు. ఆమె నేర్పిందాన్ని నేను బాగా నేర్చుకున్నానని చెప్పుకునే అర్హత నాకు లేదు. ఇప్పటికీ ఏదైనా జరిగితే ముందు దాచాలనే అనిపిస్తుంది. కానీ వెళ్ళి వంటింటి గుమ్మం దగ్గర నిలబడతాను. మాట రావడానికి కాస్త సమయం పడుతుంది. మా ఆవిడకి అలవాటైపోయింది. ఏంటని అడగదు. స్టవ్ తగ్గించి, నా వైపు తిరిగి నిలబడుతుంది.