పక్క బ్రేకు

మా మేనత్త కొడుకు, అంటే వరసకి నాకు బావ, నాకో పేరు పెట్టాడు. పక్క బ్రేకు. ఆ పేరు పెట్టిన నోటితోనే దాన్ని కక్కించాలని ఏడాది పొడుగునా పళ్ళు నూరాను. కోపం తగ్గాక రాస్తే మంచిదంటారు. తగ్గలేదు, అయినా రాస్తున్నాను.

నేను ఏలూరులో డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు దగ్గర, నేను ఎడం పక్క సీట్లో. నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆటోవాడు అడ్డంగా తిప్పినా, గేదె రోడ్డు మధ్య నిలబడి ఆలోచించినా, నేర్చుకునే ఆవిడ కళ్ళు మూసుకుని "అమ్మో" అన్నా బండిని ఆపేది అదే. నాకు అన్నం పెట్టేదీ అదే.

గూడెంలో బంధువులమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళాం. నేను ఎవరో వాడి వదిలేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనుక్కున్నానన్న మాట భోజనాల దగ్గర బయటపడింది. బావ చేతిలో పూతరేకు పట్టుకుని, "దీనికి స్పోర్ట్స్ కారు ఎందుకండీ? ఇది డ్రైవరు కాదు, పక్క బ్రేకు. ఎవరో నడుపుతుంటే పక్కన కూర్చుని తొక్కుతుంది, అంతే" అన్నాడు.

పందిరంతా ఘొల్లుమంది. మా అమ్మ కూడా నవ్వింది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. మా వైపు తిట్టినా అండీ పెట్టే తిడతాం కాబట్టి, "నవ్వండి బావగారూ, బాగా నవ్వండి" అని సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాను.

ఆ పేరు ఆ పందిట్లోనే చచ్చిపోతే నేనూ ఊరుకునేదాన్నేమో. అది నాకన్నా ముందే ఏలూరు చేరింది. నా దగ్గర నేర్చుకుంటున్న అత్తిలి టీచరుగారు, "ఏవండీ, మిమ్మల్ని పక్క బ్రేకు మేడం అంటారటగా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. పిల్లని చేర్పిద్దామని వచ్చిన ఒకాయన, "ఆవిడకి ఆపడమే గాని నడపడం రాదటండీ" అని నా గుమ్మం ముందే ఫోన్లో చెప్పుకుని వేరే స్కూలుకి వెళ్ళిపోయాడు. వేళాకోళం వాడిది, నష్టం నాది.

బావకి దెందులూరు దిగువన, కొల్లేరు వైపు చేపల చెరువులున్నాయి. ఎండాకాలం చేపలు పట్టేశాక ఒక చెరువు నీళ్ళు తోడించి ఎండగడతాడు. అడుగు ఎండాక, కార్ల పిచ్చి ఉన్న స్నేహితులతో కలిసి అందులో పోటీ పెట్టుకుంటాడు. ఒక్కో బండి విడిగా వంపులన్నీ తిరిగొచ్చి, చివర్లో ఎర్ర కోన్ల మధ్య పూర్తిగా ఆగాలి. కోన్లు దాటితే ఓడిపోయినట్టే. నేనే ఫోన్ చేశాను.

"నేనూ వస్తాను బావగారూ."

"రా తల్లీ రా. ఓడిపోతే మాత్రం నీ స్కూలు బోర్డు మీద పక్క బ్రేకు అని రాయించాలి."

"మీరు ఓడిపోతే?"

"నేనా!" పడీ పడీ నవ్వాడు. "సరే, నిన్ను డ్రైవరు గారూ అని పిలుస్తాను. పోవే."

బావకి తెలియని సంగతి ఒకటుంది. నా స్కూలు కారు పాతది, దానికి ఏబీఎస్ లేదు. పక్క బ్రేకు తొక్కీ తొక్కీ, చక్రం పట్టేసి జారబోయే ముందు పెడల్ ఎలా ఉంటుందో నా అరికాలికి వచ్చేసింది. నా స్పోర్ట్స్ కారుకీ, బావ కారుకీ ఏబీఎస్ ఉంది. చక్రం పట్టేయబోతుంటే అదే బ్రేకుని వదులుతూ పడుతూ ఉంటుంది. తారు రోడ్డు మీద, వానలో, అది ప్రాణం కాపాడే వస్తువు. నా దగ్గరకొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ మాటే చెబుతాను. కానీ వదులు మట్టి మీద కథ వేరు. అక్కడ చక్రం పట్టేస్తేనే ముందు మట్టి పోగుపడి బండి ఆగుతుంది. ఏబీఎస్ వదిలేస్తూ పోతే బండి సాగుతూ పోతుంది. బావ దృష్టిలో బ్రేకంటే బలంగా తొక్కడం, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది. చెప్పాలా నేను? ఎందుకు చెబుతాను?

నా స్పోర్ట్స్ కారు ఏబీఎస్ ఫ్యూజు పీకేశాను. మీటర్లో పసుపు దీపం వెలిగింది. నా దగ్గర నేర్చుకున్న ఒక రైతుగారి ఎండిన చెరువులో దిగి సాధన మొదలుపెట్టాను. మొదటిసారి బ్రేకు వేస్తే బండి వెనక భాగం నాకన్నా ముందు వెళ్ళింది. నేనూ బండీ వచ్చిన దారి వైపే చూస్తూ నిలబడ్డాం. అలా తిరిగినప్పుడల్లా బావని పేరు పెట్టి తిట్టాను. అన్ని తిట్లు నాకొచ్చని నాకే తెలీదు. బండి తిరగడం మానేశాక కూడా అలవాటుగా ఇంకో రెండు తిట్టుకున్నాను.

పోటీ రోజు బావ తన కొత్త కారుకి చిన్నతిరుపతి కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు తొక్కించాడు. తర్వాత నా బండిలోకి తల పెట్టాడు. పసుపు దీపం కనబడింది. ఇంకేం!

"ఇలా రండ్రా, చూడండి! బ్రేకుల దీపం వెలుగుతోంది, ఇది రేసుకొచ్చింది! దీపం చూడ్డం కూడా రాదటే నీకు?"

"మీరు చూశారుగా బావగారూ, చాలు."

మొదట నన్నే వదిలారు. వంపుల్లో నేనేమంత వేగంగా వెళ్ళలేదు. ఆఖర్న తిన్నగా వచ్చి, సరిగ్గా నా కాలు అడిగిన చోట తొక్కాను. చక్రాలు మట్టిలోకి దిగబడి, బండి కోన్ల మధ్య ఆగింది. దుమ్ము నన్ను దాటి ముందుకు వెళ్ళిపోయింది.

బావ నాకన్నా జోరుగా వచ్చాడు, ఆ మాట ఒప్పుకుంటాను. బ్రేకు తొక్కాడు. గరగరగర. బండి వినలేదు. కోన్లు ఒకదాని తర్వాత ఒకటి ఎగిరాయి. కోన్ల అవతల, నీళ్ళు తోడేటప్పుడు చేపలన్నీ చివరికి చేరే పల్లం ఉంది. అది ఇంకా ఆరలేదు. కుంకుమ బొట్టుతో సహా బండి మూతి ఆ బురదలో కూరుకుపోయింది. బావకి దెబ్బ తగల్లేదు. తలుపు తీసి దిగితే మోకాళ్ళ దాకా దిగబడ్డాడు. ఆ బురద వాసన తెలిసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. నా కడుపు చల్లబడింది.

"ఏం పిలవాలో గుర్తుందాండీ?" అన్నాను.

"మన్ను బాలేదు. నీ అదృష్టం. ఇదో గెలుపా?" అన్నాడు.

చల్లబడిన కడుపు మళ్ళీ భగ్గుమంది. చూస్తాను నీ సంగతి, అనుకున్నాను.

ట్రాక్టరొచ్చి బండిని లాగేసరికి చాలాసేపు పడుతుందన్నారు. బురద మనిషిని తమ కార్లలో ఎక్కించుకోవడానికి స్నేహితులెవరికీ మనసు రాలేదు. "గూడెంలో మీ ఇంటి దగ్గర నేను దింపుతాను రండి" అని నా ఎడం పక్క సీట్లో ఎరువుల సంచి పరిచాను. బావ గట్టు మీద కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు, ఫ్యూజు తీసిన చోట మళ్ళీ పెట్టేశాను. రోడ్డు మీద ఏబీఎస్ లేకుండా తిరగడానికి నాకు పిచ్చా?

హైవే ఎక్కగానే, ఏబీఎస్ ఫ్యూజు పీకేసి గెలిచిన సంగతి బావకి చెప్పాను. ముందర చేపల లారీ నీళ్ళు కారుస్తూ పోతోంది. రోడ్డంతా తడి.

"ఆ ఫ్యూజు... మళ్ళీ పెట్టావా?"

"ఏ ఫ్యూజండీ?"

నేను స్కూల్లో నేర్పే వేగంతోనే పోతున్నాను. గుండుగొలను దగ్గర లారీ బ్రేకు వేసింది. నా పక్కన, ఏ పెడలూ లేని చోట, బావ కుడికాలు నేలని గట్టిగా తొక్కింది. ఇంకో లారీ వచ్చింది, మళ్ళీ తొక్కాడు. గూడెం దాకా తొక్కుతూనే ఉన్నాడు.

"అక్కడ బ్రేకు లేదు బావగారూ. పక్క బ్రేకు స్కూలు కారుకే ఉంటుంది."

రెండు చేతులతో సీటు పట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నన్ను బహువచనంలో పిలిచాడు. "డ్రైవరు గారూ, కాస్త నెమ్మదిగా పోనివ్వండి."

"వినబళ్ళేదండీ."

"డ్రైవరు గారూ!"

మీటర్లో పసుపు దీపం చెరువు గట్టు మీదే ఆరిపోయింది. తల కాస్త ఇటు తిప్పి చూస్తే తెలిసిపోయేది. దీపం చూడ్డం కూడా రాదటే నీకు అని నన్నన్న మనిషి చూడలేదు. నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.