చుట్ట తియ్యకుండా అమ్మ చెప్పిన మాట

టెక్కలిలో మూడో తరగతికి పాఠాలు చెప్పే రోజుల్లో నాకు వినికిడి తగ్గడం మొదలైంది. అప్పటికి ముప్పై రెండేళ్ళు. పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుంటే వాళ్ళ పెదవుల వైపు చూడటం అలవాటైంది. ముందు వరుస వాళ్ళు చెప్పేది తెలిసేది, వెనక వరుసది ఊహించుకునేదాన్ని. అలా మూడేళ్ళు నెట్టుకొచ్చాను.

ఆ నేర్పు పనికిరానిది మా అమ్మ దగ్గరే. అమ్మ ఉండేది వజ్రపుకొత్తూరు వైపు, కొబ్బరి తోటల మధ్య ఊళ్ళో. అక్కడి పెద్ద వయసు ఆడవాళ్ళలాగే చుట్టని నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగేది. చుట్ట తియ్యకుండానే, పెదవులు బిగించి, గొణిగినట్టు మాట్లాడేది. చిన్నప్పుడు ఆ గొణుగుడు వింటూ ఆవిడ ఒళ్ళో నిద్రపోయేదాన్ని. ఇప్పుడు నాకోసం చుట్ట తీసి, గట్టిగా, పొరుగూరి మనిషితో చెప్పినట్టు చెప్పేది. తిన్నావా, పడుకో, బస్సొస్తాది. అంతే.

ఒక వేసవిలో అరుగు మీద కూర్చుని, చుట్ట తియ్యడం మరిచి అమ్మ ఏదో గొణిగింది. మళ్ళీ అడగలేక "ఊఁ" అన్నాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వచ్చేశాను. నెల తరవాత మా ఇంటికొచ్చిన వదిన చెప్పింది.

"ఇంకో రెండ్రోజులుండవే అని అత్త అడిగితే ఊఁ అన్నావట. నువ్వుంటావనీసి మినప్పప్పు నానేసింది. నువ్వేమో సంచి పట్టుకుని ఎలిపోనావు."

"అమ్మేటంది?"

"ఏటంటాది? ఆ పప్పు రుబ్బి అందరికీ అట్లేసింది."

అప్పటిదాకా చెవి మిషను వద్దన్నది నేనే. బళ్ళో పిల్లలు నవ్వుతారని. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసే మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఆ సాయంత్రం నేనే అన్నాను, "సెలవు పెట్టండి, విశాఖపట్నం వెళ్దాం."

డాక్టరు చెవుల దగ్గర ఏవేవో మోగించి చూసి, పోయిన వినికిడి తిరిగి రాదని, మిషనుతో మాట మాత్రం అందుతుందని కాగితం మీద రాసి చూపించాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద పెట్టె, దానికో తీగ, చెవిలో బిళ్ళ. పెట్టె జాకెట్లో పెట్టుకుంటే కొంగు రాసుకున్న చప్పుడే గాలివానలా ఉండేది.

దాంతోనే అమ్మ దగ్గరికెళ్ళాను. నన్ను చూసి చుట్ట తియ్యబోయింది.

"తియ్యకమ్మా. అలాగే మాట్లాడు."

"ఇనపడతాదేటి?"

వినపడింది. కానీ రేకు డబ్బాలోంచి వచ్చినట్టు సన్నగా, గరగరలాడుతూ. అది మా అమ్మ గొంతు కాదు. నేను తలొంచుకుని ప్రతి ముక్కా విన్నాను.

చుట్ట అలాగే ఉంచుకుని అంది, "ఎడం కన్ను సరిగా ఆనట్లేదే. ఏడాదయింది."

"నాకెందుకు సెప్పలేదమ్మా?"

"కేకేసి సెప్పుకునేదేటి అది? ఇంటిల్లిపాదీ ఇంటారు."

ఆ వారమే పలాస తీసుకెళ్ళి కంటి డాక్టరుకి చూపించాను. పొర తీశారు, చూపు నిలిచింది. నేను మిషను బడికీ పెట్టుకెళ్ళాను. పిల్లలు నాలుగు రోజులు నవ్వి మానేశారు.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ మాటలు ఇప్పటికీ నాకు తలుచుకోగానే గుర్తొస్తాయి, అన్నీ ఆ రేకు గొంతుతోనే. నిద్రపుచ్చిన ఆ గొణుగుడు ఎలా ఉండేదో, ఎంత ప్రయత్నించినా జ్ఞాపకం రావడం లేదు.